పరాయి పలుకుబడి

హోసూరునకు దక్షిణముగా, డెంకణికోట తాలూకాలో, రాగి చేలకును టొమాటో తోటలకును గులాబీ మళ్లకును నడుమ నున్న కెలమంగలమున, ఇంటిలో తెలుగు, పొరుగింట కన్నడము, బడిలోను కచేరీలోను తమిళము వినుచు పెరిగిన బిడ్డలకు ఇప్పుడు నాలుగవ భాషయైన ఇంగ్లీషు బ్రతుకుతెరువై యెదుట నిలిచినది. హోసూరు కర్మాగారములలో కొలువు కోరినను, బెంగుళూరు ఆఫీసులలో కుర్చీ కోరినను, ముందుగా పరీక్షకు వచ్చునది ఆ భాషయే. అందులోను వ్యాకరణము కాదు, మాటాడు తీరు. ఆ తీరును ఎట్లు నేర్పవలెనను విషయమై ఆ యూరి మేనమామకును మేనల్లునికిని నడచిన వాదమును, వారి భావము చెడకుండ, ఇందు వ్రాయుచున్నాను. మామ తెలుగు బడిలో చిరకాలము ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి గొన్నవాడు. అల్లుడు హోసూరులో ఒక కంపెనీ ఆఫీసున కొన్నాళ్లు పనిచేసి, ఇప్పుడు సాయంకాలములందు స్పోకెన్ ఇంగ్లీషు తరగతి నడపుచున్నవాడు. తన శిష్యులకై అతడు అచ్చువేయించిన వేయి ఇడియముల పుస్తకము మామ చేతికి వచ్చుటతో మాట మొదలైనది. ఇద్దరిలో ఎవరి పక్షము నాకు చేరువో చదువరికి తెలియకపోదు. దానిని దాచవలసిన పనియు లేదు.

మామ: అల్లుడా, నీ పుస్తకము ఆసాంతము చూచితిని. పడిన శ్రమ కనబడుచున్నది. కాని మొదటి పుటలోనే, జోరున వాన కురియుచున్నదనుటకు ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అని నేర్పితివి. నేటి ఇంగ్లీషువారు వానను గూర్చి చెప్పుకొనునప్పుడు ఈ మాట వాడుట మిక్కిలి అరుదు. జొనాథన్ స్విఫ్ట్ 1738లో సంవాదరూపమున ఒక గ్రంథము ప్రకటించెను. పెద్దింటివారు విందులలో కూర్చుండి, తమదైన ఆలోచన యొక్కటియు లేక, అరిగిపోయిన నుడికారములను ఒకరికొకరు అప్పజెప్పుకొనుచు ప్రొద్దుపుచ్చుటను ఆయన అందులో ఎత్తిచూపెను. నీ పుస్తకపు మొదటి పుటలోని ఈ వాన ఆ గ్రంథమునను కురిసినదే. ఆ దేశమువారే మూడువందల యేండ్లకు చేరువగా పాచిమాటలలో లెక్కించిన దానిని మన బిడ్డలకు మొదటి పాఠముగా చెప్పుట న్యాయమా?

అల్లుడు: ఆ యొక్క మాట తీసివేయుమన్న నేడే తీసివేసెదను, మామా. పుస్తకమును పట్టి నన్ను తూచవద్దు. నా తరగతికి వచ్చువారిని చూచి తూచుడు. తింజేపల్లి దిక్కున ఫోను భాగములు చేయు కర్మాగారములో షిఫ్టు ముగించుకొని వచ్చు ఆడబిడ్డలున్నారు. పూలతోటల ఎగుమతి లెక్కలు వ్రాయు కుర్రవాండ్రున్నారు. డిగ్రీ చేతబట్టుకొని ఇంటర్వ్యూ పిలుపునకు ఎదురుచూచువారున్నారు. వీరెవ్వరును ఇంగ్లీషు చదువనివారు కారు. కర్తరి వాక్యమును కర్మణిగా మార్చుమన్న తడుముకొనక మార్చుదురు. అట్టి బిడ్డతో ఫోనులో అవతలివాడు ‘లెటజ్ టచ్ బేస్ టుమారో’ అన్నచో, రేపు మరల మాటాడుకొందమనుటయే అతని భావమని తెలియక, ఏమనవలెనో తోచక ఊరకుండును. ‘లెటజ్ కాల్ ఇట్ ఎ డే’ అన్నచో నేటికి పని చాలించుదమనుట అని తెలియదు. తెలియక ఊరకున్నవారిని తెలివి లేనివారని లోకము తీర్పు చెప్పును. ఆ తీర్పు వలన కొలువు జారిపోయినవారిని నేను ఎరుగుదును. నా వేయి మాటలును ఆ తీర్పునుండి వారిని కాపాడుటకే.

మామ: నీ బాధ న్యాయమైనది. అయితే విని గ్రహించుట వేరు, నోట పలుకుట వేరు. నీ పుస్తకము ఈ రెంటిని ఒకటే త్రాసున పెట్టినది. విని గ్రహింపవలసినవి వేయి కాదు, మూడు వేలున్నను చెప్పుము. పలుకవలసినవి మాత్రము ఏరి ఏరి చెప్పవలెను. ఏలయనగా నుడికారమన్నది ఒక జాతి బ్రతికిన బ్రతుకులోనుండి మొలచినది. ఇంగ్లండు సముద్రము నడుమ నున్న ద్వీపములోని దేశము; అక్కడివారు తరతరములు ఓడలమీద బ్రతికిరి. అందుచేత పనిలోని మెలకువలు తెలిసికొనుటను తెరచాపల త్రాళ్లను ఎరుగుటగా చెప్పుకొని ‘లర్న్ ది రోప్స్’ అనిరి. మన గుమాస్తాలు ‘మొత్తముమీద’ అను అర్థమున వ్రాయు ‘బై అండ్ లార్జ్’ కూడ, గాలికి ఎదురుగను గాలివాటుగను ఓడ నడపిన నావికుల మాటయే. న్యూకాసిల్ ఆ కాలమున బొగ్గును ఎగుమతి చేసిన రేవు గనుక అచ్చటికి బొగ్గు మోసికొని పోవుట వ్యర్థశ్రమకు పేరైనది. బైబిలులోని దానియేలు గ్రంథమున, రాజు విందారగించుచుండగా గోడమీద ఒక చేయి కనబడి అతని పతనమును వ్రాసిన కథ తెలియనివానికి ‘రైటింగ్ ఆన్ ది వాల్’ అన్నది ఎన్నికల గోడవ్రాతగానే తోచును. ఇక ‘హ్యాట్‌ట్రిక్’ ఉన్నది. 1858లో షెఫీల్డున స్టీవెన్‌సన్ అను బౌలరు వరుసగా మూడు బంతులకు మూడు వికెట్లు తీయగా చందాలెత్తి ఆయనకు టోపీ బహూకరించిరి. మాట అట్లు స్థిరపడినదందురు. దీని అర్థము నీ శిష్యులలో ఒక్కనికైనను చెప్పవలసి వచ్చినదా? రాలేదు. చెరువుగట్టున వారు క్రికెట్టు ఆడినారు గనుక ఆ మాట వారి బ్రతుకులోనికి వచ్చినది. మిగిలినవి రాలేదు. బ్రతుకులోనికి రానిదానిని కంఠస్థము చేయించినచో అది నోటనే నిలుచును.

అల్లుడు: ఇచ్చట నేను మీతో ఏకీభవింపజాలను. ‘లర్న్ ది రోప్స్’ అను నేటి లండను గుమాస్తా తెరచాప ఓడ ఎక్కి యెరుగునా? మనలో ఒక పనికి కంకణము కట్టుకొంటినని చెప్పువారందరును చేతికి తోరము కట్టుకొన్నవారా? మూలకథ మరుగునబడిన పిదప కూడ నుడికారము భావముతో బ్రతుకును. సముద్రము చూడనివానికి సముద్రపు మాట తగదన్నచో, కెలమంగలపు బిడ్డకు ఇంగ్లీషే తగదనవలసి వచ్చును. ఆ తర్కము ఆమెను గడపలోపలనే ఉంచును. అంతేకాక, ఇంగ్లీషు ఈ నేలకు నిన్న వచ్చినది కాదు. 1799 మార్చి మాసమున టిప్పుసుల్తానుపై దండెత్తి శ్రీరంగపట్టణమునకు పోవుచున్న జనరల్ హారిస్ సేన ఈ కెలమంగలముననే విడిసినది. అంతటి సేనకు ధాన్యము అమ్మినవారును, ఎద్దులు తోలినవారును ఏ వ్యాకరణము చదివి బేరమాడియుందురు? పిదప ఇక్కడి తళి ప్రాంతపు చల్లదనమును మెచ్చి దొరలు దానిని చిన్న ఇంగ్లండు అనిరి. ఆ దొరల యిండ్లలో పనిచేసినవారును వాక్యము వెంబడి వాక్యము చెవినబెట్టుకొనియే నేర్చియుందురు. నేను చేయుచున్నదియు అదియే.

(ఈ యుత్తరము బలమైనదని నాకు తోచినది. మామయు కొంతసేపు ఊరకుండి తన వాదమును సవరించుకొనెను.)

మామ: మూలకథ అక్కరలేదన్న నీ మాటను అంగీకరించితిని. సందర్భము మాత్రము అక్కర. ఎవరితో, ఎప్పుడు, ఏ స్వరమున అనదగునో తెలియని నుడికారము తెలిసియు తెలియనిదే. నీ పుస్తకమున ‘కిక్ ది బకెట్’ అన్నదాని కెదురుగా ‘మరణించుట’ అని మాత్రము ఉన్నది. నీ శిష్యురాలి పైయధికారి తండ్రి పోయినాడనుకొనుము. ఆమె నీ పుస్తకమును నమ్మి, సానుభూతి జాబులో ఈ మాట వ్రాసినచో ఏమగును? మన భాషలో పరమపదించుట, కాలముచేయుట, పోవుట, చచ్చుట, టపాకట్టుట అన్నియు ఒకే సంగతిని చెప్పునవే. వీనిలో దేనిని ఏ యింట ఎవరి ముందు అనదగునో మనకు ఎవ్వరును నేర్పలేదు. తప్పు మాట అన్ననాడు తల్లి కసరినది, సరియైన మాట పెద్దల నోట విన్నాము. ఆ కసరుటయు వినుటయు లేని చోట అర్థమొక్కటే చెప్పి విడుచుట బిడ్డకు అపకారము. సేనకు ధాన్యము అమ్మినవారిని నీవే తలచితివి. వారి యెదుట బేరమున్నది, మనిషి యున్నాడు, మాట తప్పినచో ఆ మనిషి ముఖము చెప్పెడిది. నీ వేయి మాటల యెదుట మనిషి లేడు.

అల్లుడు: ప్రతి మాటకును ప్రక్కన, ఎవరితో అనదగునో ఒక గుర్తు వేయించెదను, అది చేయదగిన పనియే. కాని మాటల పట్టీలనే తప్పుపట్టుచున్నారా? తెలుగునకు నిఘంటువు కట్టి మహోపకారము చేసిన బ్రౌనుదొర 1852లోనే ‘వాక్యావళి’ అను పేర ఇంగ్లీషు తెలుగు పలుకుబడుల అభ్యాస గ్రంథమొకటి ప్రకటించెను గదా. పట్టీ పనికిరానిదైనచో ఆయన ఏల కట్టును?

మామ: బ్రౌనును తలచితివి, సంతోషము. ఆయన 1820లో కడపకు వచ్చునాటికి కూడ ఆయనకు దారి చూపు పుస్తకములు స్వల్పము. పట్టీలు వల్లించి ఆయన తెలుగువాడు కాలేదు. 1824 ప్రాంతమున వేమన పద్యములు చేతబడగా వానిని సేకరించుటకు దిగి, ప్రతులు తెప్పించి, పండితులను ఇంట నిలిపి, పాఠములు సరిచూచి, 1829లో ఇంగ్లీషు అనువాదముతో అచ్చువేయించెను. వేమన భాష సంతలోని మనిషి భాష, ఇల్లాలి భాష, తిట్టువాని భాష. ఆ పద్యములతోను, కచేరీకి వచ్చు రైతులతోను ఏండ్లతరబడి మెలగిన పిదపనే ఆయన నిఘంటువు కట్టెను, వాక్యావళి కట్టెను. గ్రంథము పరిశ్రమకు ఫలముగా వచ్చినది. నీవు ఆ ఫలమును పరిశ్రమకు బదులుగా ఇచ్చుచున్నావు. ఢాకాలో చాలకాలము పనిచేసిన మైకేల్ వెస్ట్ అను ఆంగ్లేయుడు, వంగదేశపు బిడ్డలకు ఇంగ్లీషు ఎట్లు చెప్పవలెనో విచారించి, తేలికగా చదువదగిన పుస్తకములే మొదటి మెట్టు అని 1926నాటి గ్రంథమున వాదించెను. తరువాత 1953లో ఆయన ప్రకటించిన పదపట్టికలో ఉన్నవి సుమారు 2000 మాటలు. ఆ రెండువేల మాటలు దిట్టముగా వచ్చినవాడు లోకమున చాలవరకు చదువగలడు, చెప్పగలడు. మన పొరుగుననే హోసూరు చేరువ తొరపల్లిలో 1878లో పుట్టి, హోసూరు బడిలో చదివి, 1948లో గవర్నరు జనరలైన రాజాజీ పేరిట వెలువడిన ఇంగ్లీషు మహాభారతమును తెరచి చూడుము. వాక్యములు చిన్నవి, మాటలు తేటవి. ఓడల త్రాళ్లు లేవు, పిల్లులు లేవు. ఆయన ఇంగ్లీషు తక్కువదని ఏ ఇంగ్లీషువాడును అనలేదు.

అల్లుడు: రాజాజీకి పుస్తకములు చదువుటకు తీరిక దొరకినది. ఎనిమిది గంటలు యంత్రము ముందు నిలిచి వచ్చిన ఆడబిడ్డకు మీరిచ్చునది ఏమి? ఆమెకు నా యొద్ద ఉన్నది ఒక్క గంట. ఆ గంటలో ఏమి చెప్పవలెనో మీరే చెప్పుడు. అప్పుడు మీ వాదము నిలుచునో లేదో చూతము.

మామ: చెప్పెదను. అడుగుట, ఒప్పుకొనుట, కాదనుట, క్షమింపుమనుట, తెలియలేదు మరల చెప్పుమనుట. ఈ అయిదింటిని ఇంగ్లీషువారు ఎట్లు మెత్తపరచి చెప్పుదురో మొదట నేర్పుము. ఇడియముల పుస్తకములు వీనిని ఇడియములుగా లెక్కింపవు, ఏలయనగా ఇందులో పిల్లులు లేవు, బాల్చీలు లేవు, అన్నియు తెలిసిన మాటలే. చిక్కంతయు అందులోనే ఉన్నది. ‘వుడ్ యూ మైండ్ ఓపెనింగ్ ది విండో’ అని ఒకరు అడిగినప్పుడు మన బిడ్డ వినయముగా ‘యెస్’ అనును. ఆమె భావము ‘తెరచెదను’ అని. ఆ ప్రశ్న మాత్రము ‘తెరచుటకు మీకు అభ్యంతరమా’ అని యుండుటచే, అడిగినవానికి వినబడునది ‘అవును, అభ్యంతరమే’ అని. ఒప్పుకొనుటకు ‘నాట్ ఎట్ ఆల్’ అనవలెను. ‘ఐ యామ్ అఫ్రెయిడ్ వుయ్ కాంట్’ అన్నచో భయమేమియు లేదు. కాదనుటకు ముందు వారు వేసికొను మెత్తని మాట అది. మనము కాదనవలసినప్పుడు ‘చూతము లెండి’ అనుచున్నాము గదా. వినువాడు తెలుగువాడైనచో పని జరుగదని గ్రహించును. ఆ మాటనే ‘వుయ్ విల్ సీ’ అని ఇంగ్లీషులో పెట్టినచో అవతలివాడు పని జరుగునని కనిపెట్టుకొని కూర్చుండును. వంద మందిలో తొంబదిమందికి కీడు చేయునది ఇట్టి చిన్న మాటల తారుమారే గాని, ఎప్పుడో ఒకమారు అను అర్థముగల ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ తెలియకపోవుట కాదు. ‘పుట్ ఆఫ్’ అన్న వాయిదా వేయుట, ‘పుట్ అప్ విత్’ అన్న ఓర్చుకొనుట. ఇవి రోజుకు పదిమారులు చెవినబడును. వీనికి నీ పుస్తకమున ఇచ్చిన చోటు ఎంత?

అల్లుడు: తక్కువయే. ఒప్పుకొనుచున్నాను. కాని మన బిడ్డలకు ఈ ‘పుట్’ చుట్టు తిరుగు మాటలే అన్నిటికంటె కష్టము. ‘ఆఫ్’ అన్నను ‘అప్’ అన్నను అర్థము ఏల మారునో చెప్పుటకు సూత్రము లేదు.

మామ: సూత్రము లేకున్నను మన బిడ్డకు ఆ విద్య చేతిలోనే ఉన్నది. ‘కనిపెట్టు’, ‘చేసిపెట్టు’, ‘మొదలుపెట్టు’, ‘తిప్పలుపెట్టు’ అనుచున్నప్పుడు ఏ సూత్రము చూచుకొని అనుచున్నది? ఇంకొకటి వినుము. ఒకరి మేలు చూచి ఓర్వలేనితనమును మనము కడుపుమంట అందుము. పొరుగింటి కన్నడమువారు హొట్టెకిచ్చు అందురు, బడిలోని తమిళమువారు వయిత్తెరిచ్చల్ అందురు. మూడును కడుపులోని నిప్పే. మనవాడు సంతలో టొమాటో బుట్టకు ఈ మూడు భాషలలోను బేరమాడుచు, ఎవరికి ఏ మాట నప్పునో ఎరిగి నడచుకొనును. నుడికారమును నుడికారముగా పట్టుకొను ఆ చెవి బెంగుళూరు పెద్ద బడులలో డబ్బు పోసినను దొరకునది కాదు. ఇంగ్లీషువారు అసూయను కడుపులో పెట్టక షేక్స్పియరు ‘ఒథెల్లో’ నాటకమున ఆకుపచ్చ కన్నుల భూతముగా పెట్టినారని చెప్పినచో, ఈ బిడ్డ ఆశ్చర్యపడక, వారి తీరు అదియని గ్రహించి పోవును. కెలమంగలపు బిడ్డ నాలుగవ భాషకు రిక్తహస్తములతో రాలేదు. నీవు ఆమెను ఏమియు తెలియనిదానినిగా ఎంచి మొదటి పుటనుండి నింపుచున్నావు. అదియే నా అసలు ఆక్షేపము.

అల్లుడు: ఈ మాట నాకు కొత్త. దీనిని తరగతిలో ఎట్లు వాడవలెనో ఆలోచించెదను. కాని మీరు చెప్పక చెప్పుచున్నది మరియొకటి ఉన్నది, మామా. తెలుగు చదువనివానికి ఇంగ్లీషు నుడికారము అంటదని గదా మీ యుద్దేశము?

మామ: చెప్పియే చెప్పెదను. 2006నాటి శాసనముతో ఈ రాష్ట్రపు బడులలో తమిళము తప్పనిసరియైనది. తమిళము నేర్చుట మేలే. ఉన్న రాష్ట్రపు భాష రాకున్న బ్రతుకు లేదు. కాని ఆ బరువు క్రింద తెలుగు చదువు చాల ఇండ్లలో జారిపోయినది. ఇంట మాటాడు బిడ్డ తెలుగు అక్షరము చదువలేకున్నది. ఇంటి భాషలో ‘చేతులెత్తుట’కును ‘చేయిచేసికొనుట’కును గల భేదమును పుస్తకమున చదివి, నిలిచి ఆలోచించిన అలవాటు లేనిదానికి, పరాయి భాషలో అట్టి భేదము ఉండునన్న స్పృహయే ఆలస్యముగా కలుగును. అందుచేత నీ గంటలో పావుగంట తెలుగు చదివింపుమని కోరుచున్నాను.

అల్లుడు: అది నావలన కాదు. ఆ బిడ్డలు రుసుము ఇచ్చుచున్నది ఇంగ్లీషునకు. పావుగంట తెలుగునకు తీసినచో నెల తిరుగకముందే సగము మంది మానివేయుదురు; మిగిలినవారికి చెప్పుటకు నా గదికి అద్దె మిగులదు. మీ కోరిక మంచిదే, దానిని తీర్చవలసినది బడి, ఇల్లు, ఊరు. అంతయు నా ఒక్క గంటమీద మోపుట అన్యాయము.

(ఇచ్చట వారిద్దరికిని సమాధానము కుదరలేదు. అల్లుని పేదరికపు లెక్కలో తప్పు నాకును కనబడలేదు. మామ కోరిక నెరవేరకున్న జరుగు నష్టమును నేను కాదనలేను.)

మామ: సరే. తెలుగు మాట పక్కన పెట్టుదము. నీవు విడువమన్నందుకు కాదు, దానికి వేరు చోటు నేను వెదకవలెను గనుక. ఇంగ్లీషు సంగతి తేల్చుము. పుస్తకమును ఏమి చేసెదవు?

అల్లుడు: పారవేయను. రెండు భాగములు చేసెదను. పెద్దది వినుటకు, చిన్నది పలుకుటకు. ‘టచ్ బేస్’, ‘కాల్ ఇట్ ఎ డే’ వంటి ఆఫీసు మాటలు పెద్దదానిలో ముందు వచ్చును. పిల్లుల వాన చివరకు పోవును. చిన్నదానిలో మీరు చెప్పిన అయిదు పనులే ఉండును. వలసినది చేయుడను అర్థమున మనవారు వ్రాయు ‘డూ ది నీడ్‌ఫుల్’ వంటి మన ఆఫీసు ఇంగ్లీషును మాత్రము తీసివేయుమనకుడు. అది ఇక్కడ చెల్లుచున్నది.

మామ: చెల్లుచోట చెల్లనిమ్ము. సముద్రము దాటినచోట ఆ మాట విని తడబడువారుందురని మాత్రము ఒక మాట చెప్పి విడువుము.

అల్లుడు: చెప్పెదను. ఇక ‘వుడ్ యూ మైండ్’ పాఠమును మీరే వచ్చి చెప్పవలెను. నేను చెప్పినచో బోర్డుమీద వ్రాసి అర్థము చెప్పి ముగించెదను. మీరు వారిచేత ఒకరినొకరు అడిగించెదరు.

మామ: వచ్చెదను. కాని నా తరగతిలో బోర్డు ఉండరాదు, పుస్తకము ఉండరాదు. ఎవరు తప్పు చెప్పినను నవ్వరాదు. ఏమి తెలియకున్నను తెలుగుననో కన్నడముననో తమిళముననో వెంటనే అడుగవచ్చును. వారు ఏ భాషలో అడిగిన ఆ భాషలోనే నేను బదులు చెప్పెదను. దీనికి నీవు ఒప్పుకొందువా?

అల్లుడు: తమిళము, కన్నడము మీకు అంత తడబాటు లేక వచ్చునా, మామా?

మామ: ఈ యూరిలో పుట్టినవాడను. సోమవారము షిఫ్టు ముగియువేళకు వచ్చెదను, కిటికీలు మూసియుంచుము. తెరువుమని అడిగించుటతోనే పాఠము మొదలుపెట్టెదను.